మాటల ఉపవాసం

చేతులు పనిలో పడితే నోటికి కాపలా ఉండదు. ఆ ఉదయం వంటింటి నేల మీద గిన్నెడు కూసా కాయలు, లేత సొరకాయల్లాంటివి, ముందేసుకుని, సన్నటి కత్తితో ఒక్కో కాయ కడుపూ తొలుస్తూ, నజ్లా తనకి మరియమ్మ కనపడిన కల అత్తగారికి చెప్పేసింది. కూసా తొలవడం ఓపిక పని. పై తొక్క కాగితమంత పల్చబడేదాకా గీకాలి, చిల్లు పడకూడదు, పడితే లోపల కూరిన బియ్యమూ మాంసమూ పులుసు పాలవుతాయి. పెళ్ళయి పదమూడేళ్ళు దాటినా "నువ్వు తొలిచిన కాయలో నాలుగు మెతుకులు కూడా పట్టవు పిల్లా" అని ఉమ్ ఫవ్వాజ్ ఇంకా అంటూనే ఉంది. ఉమ్ ఫవ్వాజ్ అంటే ఫవ్వాజ్ తల్లి. పెద్దకొడుకు పుట్టిన రోజు నుంచి ఆ మాదబా ఊళ్ళో ఆవిడని వేరే పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నజ్లా ఆవిడ రెండో కోడలు, క్రైస్తవుల పిల్ల.

"ఖర్జూర చెట్టు కిందా?" ముసలావిడ చేతిలో కత్తి ఆగింది. "సరిగ్గా చూశావా? ఆలివ్ చెట్టు కాదుగదా?"

"ఖర్జూరమే అత్తమ్మా. పక్కనే సన్నగా నీళ్ళు పారుతున్నాయి. ఆమె నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది."

"మరి మీ పుస్తకంలో మర్యమ్ తల్లి, అదే మీ మరియమ్మ, బిడ్డని కన్నది పశువుల పాకలో కదా?"

అవునంది నజ్లా, కాయ తిప్పుతూనే.

"ఆ చెట్టూ ఆ నీళ్ళూ మా పుస్తకంలోవి బిడ్డా." ఉమ్ ఫవ్వాజ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ తల్లి మా పుస్తకంలోంచి లేచొచ్చి నీ కలలో కూర్చుంది. నిన్ను పిలుస్తోంది."

కల పక్షి కాలి మీద నిలబడి ఉంటుందనీ, ఎవరో ఒకరు అర్థం చెప్పగానే కింద పడుతుందనీ అక్కడి పెద్దవాళ్ళ మాట. అందుకని మేలు కోరేవాళ్ళకి తప్ప కల చెప్పకూడదంటారు. ఆ లెక్కన నజ్లా తప్పు చేయలేదు, ఉమ్ ఫవ్వాజ్ ఆమె మేలు కోరే మనిషే. కానీ మేలు కోరేవాళ్ళు చేతికందిన మేలుని ఊరికే వదిలిపెట్టరు. మధ్యాహ్నానికి కల మేడ మీది తోడికోడలికి చేరింది, సాయంత్రానికి మసీదు వీధిలో ఉన్న ఆడబడుచుకి చేరింది, చీకటి పడేలోగా బావగారు ఫవ్వాజ్ చెవిన పడింది. ఒక్కో గుమ్మం దాటినప్పుడల్లా దానికి కొత్త చిగుళ్ళు వేశాయి. ఆడబడుచు చెప్పిన కలలో మర్యమ్ తల్లి నజ్లా చేయి పట్టుకుంది. తోడికోడలు చెప్పిన కలలో తెల్ల ముసుగు కప్పింది.

అసలు ఆ ఖర్జూర చెట్టు కలలోకి ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేది. పెద్దమ్మాయి దీమాకి బళ్ళో మత పాఠం గంట కొట్టగానే పిల్లలు రెండుగా చీలిపోతారు, ఆ గదిలో వాళ్ళూ ఈ గదిలో వాళ్ళూ. దీమా తండ్రి బిడ్డ కనుక తండ్రి వైపు గదిలోకి వెళుతుంది. ఆ నెల పిల్లలకి మర్యమ్ అధ్యాయం కంఠతా పెట్టమని చెప్పారు. తండ్రి నాయిఫ్ సాయంత్రాలు వార్తలు చూస్తాడు. నాన్నమ్మకి సాయంత్రపు అసర్ నమాజు తర్వాత నడుం నొప్పి. ఇక మిగిలింది అమ్మే. ఆ గ్రంథం నజ్లా ముట్టుకోకూడదు గనక ఫోన్లో గ్రంథం చదివే ఖారీ గొంతు పెట్టి, గిన్నెలు కడుగుతూ, తప్పు పోయిన చోట కూతుర్ని సరిదిద్దుతూ, ఆ నెలంతా ఆమె ఆ చెట్టు కిందే గడిపింది. కూతురికి రాకముందే తల్లికి వచ్చేసింది. రెండు వారాలు ఒక పాట వింటే అదే కలలో వస్తుంది, ఇందులో పిలుపులేముంటాయి?

పెళ్ళికి ముందు నాయిఫ్ ఒక మాటిచ్చాడు. యూనివర్సిటీ బస్టాండులో, వానలో, ఇద్దరూ ఒకే కోటు తల మీద కప్పుకుని నిలబడ్డప్పుడు. "నీ ప్రార్థన నీది, నా ప్రార్థన నాది. మా ఇంట్లో ఈ విషయం నిన్నెవరూ అడగరు. అది నా పూచీ." ముస్లిం మగవాడు గ్రంథం ఉన్న జాతి పిల్లని ఆమె మతంలోనే ఉంచి పెళ్ళాడవచ్చు, వాళ్ళ ధర్మం ఒప్పుకుంటుంది. నజ్లా వాళ్ళ ధర్మం ఒప్పుకోదు. పెళ్ళి రోజున తల్లి నల్ల బట్టలు కట్టింది. ఆ తల్లి చనిపోయి ఆరేళ్ళయింది, చివరిదాకా కూతురు తెచ్చిన పళ్ళెం మూత తీయలేదు. ఇప్పటికీ నజ్లా ఆదివారం గుడికి వెళితే వెనక బల్ల మీద కూర్చుంటుంది. దేవుడి రొట్టె పంచేటప్పుడు వరుస కదులుతుంది, ఆమె కదలదు. బయటి మతంలో పెళ్ళాడిన వాళ్ళకి ఆ రొట్టె లేదు.

అత్తగారింట్లో ఎవరూ ఆమెని అడగలేదు, నిజమే. ఎవరూ అడగకుండానే రోజూ అడిగారు. రంజాన్ నెలలో ఇంటిల్లిపాదికీ ఉపవాసం; వంట చేసేవాళ్ళెవరూ ఉప్పు చూడలేరు. అప్పుడు నజ్లా నాలుకకి గిరాకీ. మేడ మీది నుంచి తోడికోడలు, ఎదురింటి నుంచి ఉమ్ ఆయిద్, గిన్నె మీద గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు. "మా క్రైస్తవ కోడలు ఉందిగా, చూసి చెబుతుంది" అని అత్తగారు గొప్పగా అనేది. నజ్లా అందరి పులుసులూ రుచి చూసి, అందరికీ వండి, అందరూ ఉపవాసం విప్పాక అందరి గిన్నెలూ కడిగేది. ఈస్టర్ ముందు నలభై రోజులు తను మాంసం, పాలు, వెన్న ముట్టదు. ఆ నలభై రోజులూ వాళ్ళకి పెరుగులో మాంసం ఉడికించి పెడుతుంది. ఉప్పు చూసి చెప్పడానికి ఆమెకి ఎవరూ రారు. ఏదో ఒక రోజు ఉప్పు ఎక్కువైతే నాయిఫ్ చెంచా కింద పెట్టి, "ఈ నెల నీ చేతికి ఏమైంది?" అంటాడు.

పగలు ఆమె పనిచేసే రాళ్ళ బొమ్మల దుకాణమూ అంతే. రంగు రాతి ముక్కలు పేర్చి మరియ ముఖాలు చేస్తుంది. కనురెప్పకి ఒక వరుస, కంటి నలుపుకి ఒకే ముక్క, దాన్ని కాస్త పక్కకి పెడితే చూపు మారిపోతుంది. యాత్రికుల బస్సు ఆగగానే దుకాణం యజమాని ఎదురెళ్ళి "మా అమ్మాయిలు చేస్తారు, నేను నేర్పాను" అంటాడు. ఆ అమ్మాయిల్లో ఒకామెకి మనవడున్నాడు. బేరం కుదిరితే కాఫీ తెమ్మంటాడు, తెచ్చేదీ అమ్మాయిలే.

ఫవ్వాజ్ గల్ఫులో చాలా ఏళ్ళుండి, గడ్డమూ గాజు బల్లలూ తెచ్చుకుని తిరిగొచ్చాడు. చెడ్డవాడు కాదు. తమ్ముడి పిల్లలకి మిఠాయి లేకుండా గుమ్మం తొక్కడు. తనకి తెలిసింది పక్కవాడికి తెలియకపోతే నిద్ర పట్టని మనిషి, అంతే. కల విన్న మర్నాడే వచ్చి ముందుగదిలో కూర్చుని, నజ్లా తెచ్చిన టీ అందుకుని, మొదటిసారి ఆమెని కూడా కూర్చోమన్నాడు.

"చెల్లెమ్మా, నువ్వు పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇబ్రాహీం మావాడే, మూసా మావాడే, ఈసా మావాడే. ఈసా తండ్రి లేకుండా పుట్టాడంటే మేమూ అవునంటాం. చచ్చినవాళ్ళని లేపాడంటే అవునంటాం. చివర్న వచ్చిన ప్రవక్త ఒక్కణ్ణి నువ్వు ఒప్పుకోవాలి. ఉన్నవాళ్ళందరూ ఉంటారు, ఇంకొకరు కలుస్తారు."

ఆ మాట వింటే నజ్లాకి బజారులో కూరగాయలు కొంటే కొత్తిమీర కొసరేసే అబ్బాయి గుర్తొచ్చి నవ్వాగలేదు. దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఫవ్వాజ్ చెబుతూనే ఉన్నాడు. ఈసా దేవుడి కొడుకు కాదు, దేవుడికి కొడుకులేమిటి, ప్రవక్త; ఆయన్ని శిలువ వేయలేదు, వేసినట్టు జనానికి కనపడింది, దేవుడు ఆయన్ని తన దగ్గరకి ఎత్తుకున్నాడు; ఆయనకి దిగిన సువార్త, ఇంజీల్, నిజమైనదే, తర్వాతివాళ్ళు అందులో చేతులు పెట్టారు; అందుకే చివరి గ్రంథం దిగింది, అందులో ఒక్క అక్షరం కదలలేదు. నాయిఫ్ అన్నగారి మాటలకి తలూపుతూ కిటికీలోంచి చూస్తున్నాడు. అన్న ఎదుట అతనికి నోట్లో నాలుక ఉండదు. వచ్చే శుక్రవారం జుమా నమాజు తర్వాత ఇద్దరు సాక్షుల్ని తీసుకొస్తానని, మతంలో చేరేందుకు ఆ రెండు విశ్వాస వాక్యాలూ పలికితే చాలనీ ఫవ్వాజ్ తేల్చేశాడు. లేస్తూ లేస్తూ ఇంకో మాట అన్నాడు, చాలా మెత్తగా.

"ఆడపిల్లల్ని కూడా చూసుకోవాలి కదమ్మా. రేపు నా తమ్ముడికి ఏదైనా అయితే, వేరే మతం తల్లి దగ్గర పిల్లల్ని కోర్టు ఉంచదు. నాకైనా పెంచే ఓపిక ఏముంది చెప్పు."

నజ్లా లోపలి గది వైపు చూసింది. దీమా, చిన్నది హలా అప్పుడు లోపల గదిలో బొమ్మకి జడ వేస్తున్నారు.

ఆ రోజు పడక సర్దుతూ ఆమె మొగుణ్ణి అడిగింది, మాటిచ్చావు కదా అని. నాయిఫ్ దిండు గలేబు సరిచేసుకున్నాడు. "రెండు వాక్యాలే కదా నజ్లా. అనేసెయ్. నీ మనసులో ఏముందో దేవుడికి తెలుసు." మరి ఆ మాట మీ అన్నకి నువ్వు చెప్పొచ్చుగా అంది. "నన్ను మధ్యలోకి లాగకు" అన్నాడతను. లాగేదేముంది, మధ్యలో ఉంటానని పూచీ పడ్డదే అతను. అతను నిద్రపోయాక కూడా నజ్లా చేతిలో ఆ దుప్పటి మడత అలాగే ఉండిపోయింది.

ఆదివారం గుడి తర్వాత మేనమామ ఇంటికి వెళ్ళింది. మేనమామ అబూనా మిత్రీ ఆ గుడికే పాదిరీ, నజ్లాని చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకున్న మనిషి. కల అక్కడికీ చేరిపోయింది. ఊరు చిన్నది, రొట్టెల దుకాణం ఒక్కటే. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

"మరియ తల్లి పిలిచిందమ్మా నిన్ను. ఇంటికి రమ్మంటోంది."

"వాళ్ళూ అదే అంటున్నారు మామయ్యా."

"వాళ్ళకేం తెలుసు. వాళ్ళకి పుస్తకం ఆకాశం నుంచి దిగింది. మనకి దిగింది పుస్తకం కాదు, దేవుడి కొడుకే. సువార్తలు నలుగురు రాశారు, చూసినవాళ్ళు చెబితే విన్నదీ తాము చూసిందీ. నలుగురు నాలుగు రకాలుగా రాస్తే అది మార్చడమా? వాళ్ళ లెక్కలో ఆయన చనిపోలేదు. చనిపోకపోతే తిరిగి లేవడం ఎక్కడిది, లేవకపోతే మన ఇంట్లో ఇంకేముంది?" ఆయన ఆమె తల మీద చేయి పెట్టాడు. ఆ ఇల్లు వదిలి వచ్చెయ్యమన్నాడు, బిషప్పుతో తను మాట్లాడతానన్నాడు, మళ్ళీ రొట్టె ఇప్పిస్తానన్నాడు. మరి పిల్లలు అని అడిగితే చేయి వెనక్కి తీసుకుని, పిల్లల కోసం ప్రార్థన చేద్దామన్నాడు.

మేనత్త కాఫీ ఇచ్చి, ఖాళీ కప్పులన్నీ నజ్లా ముందు పెట్టింది, కడిగి వెళుతుందని. అడకత్తెరలో పోకచెక్క ఏ వైపు నుంచి చూసినా పోకచెక్కే. కప్పులు కడుగుతూ నజ్లా అనుకుంది, ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరికీ తనంటే ప్రేమే, ఇద్దరి ప్రేమా తన దగ్గర ఏదో ఒకటి వదిలెయ్యమనే అడుగుతోంది. ఒకరు అమ్మ సమాధి ఉన్న గుడిని, ఒకరు పిల్లల్ని. పాతకాలం ఇబ్రాహీం కొడుకుని బలివ్వడానికి కొండెక్కించాడు. ఆ కొడుకు ఇస్‌హాక్ అని మామయ్య, ఇస్మాయీల్ అని ఫవ్వాజ్, ఇద్దరూ ఒట్టేసి చెబుతారు. ఆ కొడుకు ఏ తల్లి కొడుకైనా, ఆ ఉదయం ఆమెతో ఒక మాట చెప్పి వెళ్ళినట్టు రెండు పుస్తకాల్లోనూ లేదు.

ఇంతకీ కల అది కాదు. అందరూ పంచుకున్న కలలో చెట్టుంది, నీళ్ళున్నాయి, తల్లి ఉంది. నజ్లా ఎవరికీ చెప్పనిది ఒకటి మిగిలిపోయింది, అడిగితేనే కదా చెప్పడం. ఆ కలలో ఆ తల్లి ఏ పనీ చేయడం లేదు. ఊరికే కూర్చుంది. నీళ్ళ మీద ఎండ కదులుతోంది, ఆమె పాదాల మీద కూడా కదులుతోంది, పాదాలు ఉబ్బి ఉన్నాయి, ఇప్పుడే కన్న ఆడదాని పాదాలు. పండ్లు వాటంతటవే రాలుతున్నాయి. ఎవరూ ఆమెని లేవమనడం లేదు. ఎక్కడా గిన్నె చప్పుడు లేదు. నజ్లా దూరంగా నిలబడి, చేతిలో ఏమీ లేకుండా రావడం మర్యాద కాదేమో, కాఫీ పెట్టి తేవాలేమో, ఎక్కడ పొయ్యి ఉందో అని కలలో కూడా వెతుక్కుంది. మర్యమ్ తల తిప్పి చూసింది. పిలవలేదు. నువ్వు ఎవరి మనిషివని అడగలేదు. కొంచెం పక్కకి జరిగింది, రాతి మీద ఇంకొకరు కూర్చునేంత చోటు అయింది. నజ్లా కూర్చుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అంతే కల. మెలకువ వచ్చాక చాలాసేపు నజ్లా పాదాలు చల్లగానే ఉన్నాయి, అత్తగారు నమాజుకి నీళ్ళు కాచమని కేకేసేదాకా.

గురువారం సాయంత్రం దీమా పాఠం అప్పజెప్పింది. మర్నాడు ఆ రెండు వాక్యాలూ పలకాలి. నజ్లా ద్రాక్షాకులు చుడుతోంది, కూతురు కుర్చీ మీద మోకాళ్ళు ముడుచుకుని ఊగుతూ చదువుతోంది. పురిటి నొప్పి మర్యమ్‌ని చెట్టు మొదలు దగ్గరకి తరిమింది, అయ్యో దీనికంటే ముందే చచ్చిపోయి అందరూ మరిచిపోయినదాన్ని అయిపోతే బాగుండేది అని ఆమె ఏడ్చింది. ఎన్నిసార్లు విన్నా ఆ చోటికి వచ్చేసరికి నజ్లా చేతిలో ఆకు చిరుగుతుంది. దీమాని కన్న రోజు తనూ అచ్చం ఆ మాటే అంది. నర్సు నోరు ముయ్యమంది. ఉమ్ ఫవ్వాజ్ మాత్రం పళ్ళ మధ్య మెత్తటి ఖర్జూరం పెట్టి, "తిను, ఆ తల్లి తిన్నదే ఇది" అని నుదురు తుడిచింది. తన సువార్తలో ఈ నొప్పి లేదు. కొడుకుని కని, గుడ్డలో చుట్టి, పశువుల తొట్టిలో పడుకోబెట్టింది అని ఒక్క వాక్యంలో అయిపోతుంది, ఏ మగాడు దూరం నుంచి విని రాశాడో. కానీ ఆ సువార్తలోనే శిలువ కింద తల్లి నిలబడి ఉంటుంది, కొడుకు ప్రాణం పోతుంటే చూస్తూ. వాళ్ళ పుస్తకంలో అది లేదు, కొడుకు చావే లేదు గనక. అక్కడ కన్న నొప్పి ఉంది, పోగొట్టుకున్న నొప్పి లేదు. ఇక్కడ పోగొట్టుకున్న నొప్పి ఉంది, కన్న నొప్పి లేదు. ఒక ఆడదాని బాధ సగం ఆ పుస్తకంలో, సగం ఈ పుస్తకంలో. మొత్తం తెలియాలంటే రెండూ కావాలి. తనకి రెండూ వచ్చు. వీళ్ళెవరికీ రావు.

"అమ్మా, వింటున్నావా? ఇక్కడ తప్పులు పోతాయి నాకు" అంది దీమా. ఆ తర్వాతి చోటు అది. బిడ్డని ఎత్తుకుని ఊళ్ళోకి పొమ్మని మర్యమ్‌కి చెబుతారు. ఎవరైనా కనపడితే, దయామయుడికి ఉపవాసం మొక్కుకున్నాను, ఈ రోజు ఏ మనిషితోనూ మాట్లాడను అని తెలపమంటారు. తిండి ఉపవాసం కాదు, మాటల ఉపవాసం. ఊరంతా చుట్టూ మూగి, ఏం పని చేశావే అని నిలదీస్తే ఆమె మారు పలకదు. చేయెత్తి బిడ్డని చూపిస్తుంది. ఊయలలో పసిగుడ్డుతో ఏం మాట్లాడతామని వాళ్ళు వెటకరిస్తారు. అప్పుడు ఆ బిడ్డే నోరు విప్పి తల్లి నింద తుడుస్తాడు.

దీమా తప్పు లేకుండా చదివింది. ఎన్నిసార్లో విన్న నజ్లా ఆ రోజు మళ్ళీ ఒకసారి చదవమంది.

శుక్రవారం పొద్దున్నే ఉమ్ ఫవ్వాజ్ పెట్టె తీసి, దాచిపెట్టిన తెల్లటి కొత్త ముసుగు తెచ్చింది. నమాజు అవగానే వాళ్ళొస్తారు, స్నానం చేసి సిద్ధంగా ఉండమంది. ఆవిడ సంతోషానికి అంతు లేదు. ఈ కోడలే తన కాళ్ళు పడుతుంది, మందులు పోస్తుంది. తను పోయాక తన ఒంటికి చివరి స్నానం ఈ చేతులే పోయాలని ఆవిడ ఆశ, మతం కలవకపోతే పోయనివ్వరని ఆవిడ దిగులు. నజ్లాకి అది తెలుసు. తెలుసు గనకే ఆవిడ ముందు నిలబడి, ముసుగు అందుకోకుండా, ఆ వాక్యం వాళ్ళ గ్రంథంలో ఉన్న మాటల్లోనే, వాళ్ళ ఉచ్చారణతో, ఒక్క అక్షరం తడబడకుండా పలికింది. దయామయుడికి ఉపవాసం మొక్కుకున్నాను, ఈ రోజు ఏ మనిషితోనూ మాట్లాడను. తర్వాత నోరు మూసుకుంది. ఉమ్ ఫవ్వాజ్ ముసుగు పట్టుకుని అలాగే మంచం మీద కూలబడింది. ఈ కోడలి నోట దేవుడి వాక్యం వినాలని పదమూడేళ్ళు మొక్కుకుంది. వినపడింది గానీ ఇలా వినపడుతుందనుకోలేదు.

ఆ పూట ఇల్లు వింతగా ఉంది. నజ్లా బియ్యం కడిగింది, మాంసం ఉడికించింది, మాట మాత్రం లేదు. ఉప్పు డబ్బా ఎక్కడ, నా నీలం చొక్కా ఎక్కడ, హలా చెప్పు ఎక్కడ అని అడిగితే జవాబు లేక, ఎవరి వస్తువులు వాళ్ళు వెతుక్కున్నారు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో గోడలకి బదులు తన గొంతే నిలబడి ఉందని నజ్లాకి అప్పుడు తెలిసింది. నోరు మూసుకుంటే లోపల ఎంత చోటు ఉందో కూడా తెలిసింది. ఆ చోటులో ఆమె మెల్లగా నడుస్తూ తిరిగింది, వంట చేస్తూనే.

జుమా తర్వాత ఫవ్వాజ్, అతని బావమరిది, మసీదు పెద్ద ముగ్గురూ వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. నాయిఫ్ తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఫవ్వాజ్ బిస్మిల్లా అని మొదలుపెట్టి, చెల్లెమ్మా నా వెనక పలుకు అన్నాడు. నజ్లా పలకలేదు. రెండోసారి అడిగాడు, పలకలేదు. తల్లి కలగజేసుకుని, ఈ పిల్ల మర్యమ్ తల్లి మొక్కు మొక్కుకుందిరా, ఈ రోజు మాట్లాడదు అని చెప్పింది.

"మన షరియాలో మాటల ఉపవాసం లేదమ్మా. ప్రవక్త వద్దన్నాడు. అది మనకి ముందటి వాళ్ళకి ఉండేది" అన్నాడు ఫవ్వాజ్. మసీదు పెద్ద కూడా అవునన్నట్టు తలూపాడు.

"ఆ పిల్ల ముందటి వాళ్ళలోదేగా ఇంకా" అంది ఉమ్ ఫవ్వాజ్. "మనలో కలిశాక వద్దందువుగాని."

మసీదు పెద్ద గడ్డంలో నవ్వు దాచుకున్నాడు. ఫవ్వాజ్ ముఖం ఎర్రబడింది. సరే, మాట్లాడకపోతే తలూపి చెప్పమనండి, ఇష్టమా కాదా. ఇష్టం కాకపోతే రేపటి రోజున పిల్లల సంగతి నన్ననొద్దు అన్నాడు. గదిలో అందరూ నజ్లా వైపు చూశారు.  ఆమెకి భయం వేసింది, దీమా ముఖం కళ్ళ ముందు ఆడింది. తల నిలువుగానూ ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. చేయెత్తి, తలుపు పక్క కుర్చీలో కూర్చున్న మొగుణ్ణి చూపించింది.

ఫవ్వాజ్ చికాకుపడ్డాడు. "ఏమిటా సైగ? వాణ్ణి చూపిస్తావేం? వాడితో ఏం మాట్లాడతాం?"

ఆ మాట అతని నోట్లోంచి అచ్చం మర్యమ్‌ని నిలదీసిన ఆ ఊరివాళ్ళ మాటలా వచ్చింది. అతనికి తట్టలేదు. తల్లికి తట్టింది. ఉమ్ ఫవ్వాజ్ కోడలి చేతిని చూసింది, ఆ చేయి చూపిస్తున్న చోటు చూసింది. ఆవిడ ఒళ్ళో ఉన్న కొత్త ముసుగుని వేళ్ళతో నెమ్మదిగా మడిచింది. చివరి స్నానం ఆశ ఆ మడతల్లోకి పోయిందేమో, ఆవిడ ముఖంలో దుఃఖం కనపడింది. గొంతులో మాత్రం దుఃఖం లేదు.

"నాయిఫ్. దేవుడి గ్రంథంలో ఒక్క రోజు పసిగుడ్డు తల్లి కోసం నోరు విప్పాడు. నీకు నలభై రెండేళ్ళు."

నాయిఫ్ తల ఎత్తలేదు. కిటికీ వైపు చూడబోయి మానుకున్నాడు. అతని నోట్లో ఒక మాట మెదలడం నజ్లాకి కనపడుతోంది. అది బయటికి వస్తుందో రాదో ఆమెకి తెలియదు. చేయి లాగుతోంది, దించలేదు.

"నేను బతికే ఉన్నానన్నా" అన్నాడతను చివరికి.  "నా పిల్లల తల్లి సంగతి నేను పోయాక తేల్చుకుందురుగాని, ఇప్పుడెందుకు? ఇంట్లో ఈ విషయం ఎవరూ అడగరని పెళ్ళినాడే మాటిచ్చాను. నేను అడగలేదు. మీరు అడుగుతుంటే ఊరుకున్నాను. ఇక ఊరుకోను." ఇంకేదో అనబోయాడు, మాటలు దొరకలేదు, కొత్తగా మాటలొచ్చినవాడికి అన్నే వస్తాయి.

మసీదు పెద్ద మెల్లగా లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఫవ్వాజ్ తల్లి వైపు చూశాడు, తల్లి చూడలేదు. వాళ్ళు వెళ్ళాక నాయిఫ్ ఆమె దగ్గరకొచ్చి, ఏదో ఒకటి అనమన్నట్టు నిలబడ్డాడు. బాగా చెప్పాననో, ఆలస్యంగా చెప్పాననో, క్షమించాననో. నజ్లా చేయి దించుకుంది. సూర్యుడు ఇంకా ఆలివ్ తోటల మీదే ఉన్నాడు, పొద్దు కుంకేదాకా మొక్కు ఉంది, ఆ పొద్దంతా ఆమె ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు.